లెక్కలు బాగా వస్తే కంప్యూటర్లేనా?

1991 నవంబరులో నంద్యాల ఓటర్లు పి.వి. నరసింహారావు గారిని ఐదు లక్షలకు పైగా మెజారిటీతో లోక్‌సభకు పంపించారు. అప్పటికి ఆయన ప్రధాని అయి ఐదు నెలలు. రూపాయి విలువ తగ్గించడం, చాలా పరిశ్రమలకు లైసెన్సులు ఎత్తేయడం లాంటి నిర్ణయాలు అప్పటికే జరిగిపోయాయి. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో మన పిల్లలు ఈరోజు చేస్తున్న ఉద్యోగాలకు ఒక పునాది అక్కడే పడింది. ఆ మార్పులను నడిపించిన ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ గారు కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్‌లలో ఎకనామిక్స్ చదివినవారు.

ఆ నిర్ణయాల ఫలితం మన ఊళ్లకు బాగానే అందింది. అలాంటి నిర్ణయాలు తీసుకోవడానికి కావలసిన చదువు మాత్రం మన ఇళ్లలో ఎవరికీ గుర్తు రాదు. పదో తరగతి రిజల్ట్స్ వచ్చే రోజుల్లో మన నంద్యాల, ఆళ్లగడ్డ బ్రాంచీల్లో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, మావానికి మ్యాథ్స్‌లో నూటికి నూరు వచ్చినాయి. యాడ చేరిస్తే ఐఐటీ వస్తుంది?" ఎకనామిక్స్ పేరెత్తితే, "అది ఆర్ట్స్ వాళ్లది కదా సార్" అంటారు.

ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషిగా ఈ నెల ఒక మాట గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. మ్యాథ్స్ బాగా వచ్చే పిల్లలకు ఎకనామిక్స్ కూడా ఒక మంచి దారి. ఆ దారిలో చివరికంటా నడిచిన విద్యార్థికి యూరప్‌లో రెండు దేశాల్లో, స్కాలర్‌షిప్ డబ్బుతో మాస్టర్స్ చదివే అవకాశం ఉంది. అయితే ఆ తలుపు తెరిచి ఉంటుందా, మూసుకుపోతుందా అన్నది డిగ్రీ అయ్యాక తేలదు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా మనం పిల్లలకు లెక్కలు ఎలా నేర్పిస్తున్నామో దాన్ని బట్టి తేలుతుంది.

శనగల లెక్క

ముందు ఈ చదువు అంటే ఏమిటో చూద్దాం. క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ అంటే లెక్కలతో, లెక్కల క్రమశిక్షణతో ఆర్థిక విషయాలను అర్థం చేసుకోవడం. పుస్తకాల నిర్వచనం అక్కర్లేదు. ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి రైతు ఎవరినైనా అడగండి.

శనగ కోత అయిపోయింది. ఇప్పుడే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? ఊహించిన అంకెలతో లెక్క వేద్దాం. ఇప్పుడు క్వింటా 5,500 రూపాయలు. ఆరు నెలల తర్వాత 6,500 కావడానికి సగం అవకాశం, 5,000కు పడిపోవడానికి సగం అవకాశం అనుకుందాం. రెంటి సగటు 5,750. స్టోరేజీ బాడుగ, అప్పు మీద వడ్డీ కలిపి క్వింటాకు 350 ఖర్చు. చేతికొచ్చేది సగటున 5,400. అంటే ఇప్పుడే అమ్మడం మేలు. ఇంతవరకు మన తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. "సగం సగం అవకాశం" అని ఎవరు చెప్పారు? గత ఇరవై ఏళ్ల ధరలు, వానలు, దిగుమతులు చూసి ఆ అవకాశాన్ని అంచనా వేయాలి. దాన్ని ఎకనామెట్రిక్స్ అంటారు. తాలూకాలోని రైతులందరూ ఇదే లెక్క వేసుకుని ఒకేసారి అమ్మితే ధర ఏమవుతుంది? నా లాభం పక్కవాడు చేసే పని మీద ఆధారపడినప్పుడు ఎలా ఆలోచించాలో గేమ్ థియరీ చెబుతుంది. కూతురి పెళ్లి పెట్టుకున్న రైతుకు 5,000కు పడిపోయే ప్రమాదం సగటు లెక్క కంటే ఎక్కువ భయం కలిగిస్తుంది. ఆ భయాన్ని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతులు ఉన్నాయి. ప్రభుత్వం దిగుమతి సుంకం మారిస్తే ఈ రైతు మీద, బెంగళూరులో పప్పు కొనే ఇల్లాలి మీద విడివిడిగా ఏ ప్రభావం పడుతుంది? ఇవన్నీ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ మాస్టర్స్‌లో వేసే ప్రశ్నలే. వాటికి వాడే సామగ్రి కాల్‌క్యులస్, మ్యాట్రిక్స్‌లు, ప్రాబబిలిటీ. మన ఇంటర్ ఎంపీసీ సిలబస్‌లో ఉన్నవే.

మనకు పనికొచ్చే పరిశోధన

ఈ చదువు చదివినవాళ్లు ఏం చేస్తారు అని అడుగుతారు కాబట్టి, మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పని చెబుతాను. ప్రైవేటు స్కూలుకు పంపితే పిల్లలకు నిజంగా చదువు ఎక్కువ వస్తుందా? ఈ పత్రిక చదివే ప్రతి ఇంటికీ సంబంధించిన ప్రశ్న ఇది. నేరుగా మార్కులు పోలిస్తే జవాబు దొరకదు. ప్రైవేటుకు పంపే ఇంట్లో డబ్బు, తల్లిదండ్రుల చదువు, శ్రద్ధ ముందే ఎక్కువ ఉండొచ్చు. మార్కులు స్కూలు వల్ల వచ్చాయా, ఇంటి వల్ల వచ్చాయా?

కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008 నుంచి నాలుగేళ్ల పాటు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో దీన్ని తేల్చడానికి ప్రయత్నించారు. సర్కారు బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులు ప్రైవేటు స్కూలు ఫీజు కట్టే వోచర్‌కు దరఖాస్తు చేసుకుంటే, లాటరీ తీసి కొందరికి ఇచ్చారు. లాటరీ కాబట్టి వోచర్ వచ్చిన ఇళ్లకూ, రాని ఇళ్లకూ మిగతా తేడాలేవీ లేవు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు గుంపులకూ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం వోచర్ పిల్లలు బాగా ముందున్నారు. ఆ ప్రైవేటు స్కూళ్లు తెలుగు, లెక్కలకు తక్కువ పీరియడ్లు కేటాయించాయి. ఒక్కో పిల్లవాడి మీద వాటి ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. అంటే తక్కువ సమయంలో, తక్కువ ఖర్చుతో అంతే ఫలితం తెచ్చాయి. అలాగని తెలుగు, లెక్కలను ముందుకు తీసుకుపోలేదు కూడా.

అవి పల్లెల్లోని తక్కువ ఫీజు స్కూళ్లు. మన స్కూలుకు ఆ ఫలితాన్ని నేరుగా అంటగట్టలేం. కానీ ఆ అధ్యయనం చదివాక ఏ తల్లిదండ్రులైనా స్కూలు యాజమాన్యాన్ని అడిగే ప్రశ్న మారుతుంది. "మీ ర్యాంకులు ఎన్ని?" అనే చోట "మా పాపలో మీరు తెచ్చిన మార్పు ఎంత?" అని అడుగుతారు. ఒక మంచి చదువు సమాజానికి చేసే మేలు అదే.

ఇంకో ఉదాహరణ. ఇక్రిశాట్ సంస్థ 1975 నుంచి పాలమూరు జిల్లా ఔరేపల్లిలో ఇంటింటి ఆదాయం, ఖర్చు, పంటల వివరాలు రాసుకుంటూ వచ్చింది. ఆ ఊరితో పాటు మహారాష్ట్రలోని రెండు ఊళ్ల వివరాలు తీసుకుని రాబర్ట్ టౌన్సెండ్ అనే ఆర్థికవేత్త 1994లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక ఇంటికి పంట పోయినా వాళ్ల తిండీ తిప్పలూ అంతగా తగ్గడం లేదని, ఊరివాళ్లు ఒకరినొకరు ఏదో రకంగా ఆదుకుంటున్నారని లెక్కలతో చూపించారు. ప్రపంచంలో ఎక్కడ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ చదివినా ఈ పరిశోధన ఎదురవుతుంది. మన కృష్ణానది అవతలి గట్టు ఊరు పారిస్ క్లాసుల్లో పాఠమైంది. ఆ ఊరి భాష, ఆ ఊరి చేబదులు, చీటీల సంగతులు తెలిసిన మన పిల్లలు ఆ క్లాసులో కూర్చుంటే ఎంత బాగుంటుంది!

ఈ దారిలో ముందే నడిచిన తెలుగువాళ్లు

"మనవాళ్లకు అలవాటు లేని చదువు" అనే మాట నిజం కాదు. జి.ఎస్. మద్దాల గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1955లో గణితంతో బి.ఏ. చేశారు. బొంబాయిలో స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. పూర్తి చేసి, ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి 1963లో చికాగో విశ్వవిద్యాలయం నుంచి ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ అందుకున్నారు. 1983లో ఆయన రాసిన ఎకనామెట్రిక్స్ పుస్తకం ఆ రంగంలో అందరూ చూసే గ్రంథం. ఉద్యోగం చేయాలా వద్దా, బస్సెక్కాలా బండి కొనాలా లాంటి "అవును, కాదు" నిర్ణయాలను లెక్కల్లో ఎలా పట్టుకోవాలో అందులో చెప్పారు.

సి.ఆర్. రావు గారు కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితం చదివారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలుసుకుని చేరిపోయారు. 1945లో, పాతికేళ్ల వయసులో ఆయన రాసిన ఒక్క పత్రం ప్రపంచంలోని ప్రతి స్టాటిస్టిక్స్ పాఠ్యపుస్తకంలోకి చేరింది. ఆయన పేరు మీద ఉన్న పరీక్షా పద్ధతిని ఎకనామెట్రిక్స్ విద్యార్థులు ఈనాటికీ నేర్చుకుంటున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, అదే ఏడాది కన్నుమూశారు.

2003 నుంచి 2013 దాకా పదేళ్లు రిజర్వ్ బ్యాంకు గవర్నర్లుగా వరుసగా ఇద్దరు తెలుగువాళ్లు పనిచేశారు. వై.వి. రెడ్డి గారు మన పక్క కడప జిల్లా మనిషి. ఎకనామిక్స్ చదివి, నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ప్లానింగ్‌లో డిప్లొమా చేశారు. దువ్వూరి సుబ్బారావు గారు ఐఐటీలో ఫిజిక్స్ చదివి ఐఏఎస్ అయ్యాక ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో మాస్టర్స్ చేశారు. సైన్స్ నుంచి ఎకనామిక్స్‌కు రావచ్చని చూపడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

రెండు దేశాల మాస్టర్స్

వాళ్ల కాలంలో ఇలాంటి చదువుకు దారి వెతుక్కోవడమే పెద్ద పని. ఇప్పుడు దారి చెప్పే బోర్డులున్నాయి. యూరోపియన్ యూనియన్ 2004లో ఎరాస్మస్ ముండస్ అనే పథకం మొదలుపెట్టింది. వేర్వేరు దేశాల యూనివర్సిటీలు కలిసి ఒకే మాస్టర్స్ కోర్సు నడుపుతాయి. విద్యార్థి కనీసం రెండు దేశాల్లో చదవాలి. ఈ స్కాలర్‌షిప్పులు ఎక్కువగా అందుకుంటున్న దేశాల్లో భారతదేశం ముందు వరుసలో ఉంది.

మన విషయానికి సరిగ్గా సరిపోయే కోర్సు పేరు క్యూఈఎం. ఆర్థికశాస్త్రంలో గణిత నమూనాలు, పద్ధతుల మీద రెండేళ్ల మాస్టర్స్ అది. ఫ్రాన్స్‌లో పారిస్ 1 పాంథియన్ సోర్బోన్, స్పెయిన్‌లో అటానమస్ యూనివర్సిటీ ఆఫ్ బార్సిలోనా, జర్మనీలో బీలెఫెల్డ్, ఇటలీలో వెనిస్‌లోని కా ఫోస్కరి కలిసి దీన్ని నిలబెట్టాయి. బోధన ఇంగ్లీషులో. తొలి ఏడాది మైక్రో, మ్యాక్రో, ఎకనామెట్రిక్స్, ఆప్టిమైజేషన్ లాంటి పునాది పేపర్లు. తర్వాత వేరే దేశానికి మారి ఒక ప్రత్యేక విభాగం ఎంచుకోవాలి. చివర్లో సొంతంగా థీసిస్ రాయాలి. లెక్కల కంటే అభివృద్ధి సమస్యల మీద ఆసక్తి ఎక్కువున్నవాళ్లకు గ్లోడెప్ అనే మరో ఉమ్మడి కోర్సు ఉంది. చెక్ రిపబ్లిక్, ఫ్రాన్స్, ఇటలీ యూనివర్సిటీలు కలిసి దాన్ని నడుపుతున్నాయి.

ఇక డబ్బు సంగతి. ప్రస్తుత నిబంధనల ప్రకారం ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వచ్చిన విద్యార్థికి ట్యూషన్ ఫీజు ఉండదు. నెలకు 1,400 యూరోల చొప్పున గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. మొత్తం 33,600 యూరోలు. యూరో 90 రూపాయలే అనుకున్నా 30 లక్షలు దాటుతుంది. విమాన టికెట్టు, వీసా, ఇంటి బాడుగ, తిండి అన్నీ అందులోంచే చూసుకోవాలి. పొదుపుగా ఉండే పిల్లలకు అది సరిపోతుంది. పొలం కుదువ పెట్టి, నలభై లక్షల అప్పు తలకెత్తుకుని అమెరికా పంపి, ఉద్యోగం ఎప్పుడొస్తుందా అని నెలనెలా వడ్డీ లెక్కపెట్టుకునే ఇళ్లు మన వీధుల్లో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ ఇళ్ల పక్కన ఈ అంకెలు పెట్టి చూడండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇది మరీ ముఖ్యం. "కొడుకు చదువుకైతే అప్పు చేస్తాం, కూతురి కోసం దాచిన డబ్బు పెళ్లికి" అనే లెక్క మన దగ్గర ఇంకా పోలేదు. క్లాసులో లెక్కలు ముందు పూర్తి చేసేది చాలాసార్లు ఆడపిల్లలే. తన పేరు మీద, తన తెలివికి వచ్చే స్కాలర్‌షిప్ ఆ లెక్కను మార్చగలదు.

అప్లికేషన్‌లో చూసేవి, మనం నేర్పనివి

ఎరాస్మస్ ముండస్ కోర్సుల దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు, జనవరి నెలల మధ్య ఉంటాయి. క్లాసులు తర్వాతి ఏడాది సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి. అంటే డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగానే అప్లై చేయాలి. ఒకే ఏడాది ఒకటి కంటే ఎక్కువ ఎరాస్మస్ ముండస్ కోర్సులకు పెట్టుకోవచ్చు. ఎంపిక చేసేది ఆ యూనివర్సిటీలే. మధ్యలో కన్సల్టెన్సీ అవసరం లేదు. "సీటు ఇప్పిస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

అక్కడ ఏం చూస్తారు? ఎకనామిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ లాంటి సబ్జెక్టుల్లో డిగ్రీ, అందులో ఏ పేపర్లు చదివారు, వాటిలో మార్కులెన్ని. ఇంగ్లీషు వచ్చని చూపే ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్ష. పాఠం చెప్పిన అధ్యాపకులు రాసే సిఫారసు లేఖలు. ఈ కోర్సే ఎందుకు, తర్వాత ఏం చేస్తారు అని విద్యార్థి సొంతంగా రాసే లేఖ. ఒక్క ర్యాంకు నంబరు పెట్టి సీటు తీసుకునే పద్ధతి అక్కడ లేదు.

మన చదువుల తీరుకు అసలు పరీక్ష ఇక్కడే. మా లాంటి కార్పొరేట్ స్కూళ్ల పిల్లలు మూడు గంటల్లో ఎన్ని బిట్లైనా చేస్తారు. నాలుగు జవాబుల్లో తప్పు మూడింటిని తీసేసే నేర్పు వాళ్లకు అద్భుతంగా వస్తుంది. కానీ "ఇది ఎప్పుడూ నిజమేనని నిరూపించు" అంటే తెల్లకాగితం ముందు ఆగిపోతారు. క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ మొదటి సెమిస్టరులోనే నిరూపణలు మొదలవుతాయి. ఆప్షన్లు ఉండవు. ఇక సిఫారసు లేఖ. నూట ఇరవై మంది సెక్షన్‌లో రోల్ నంబరుగా పెరిగిన పిల్లకు, లెక్చరర్ గదికి వెళ్లి ప్రశ్న అడగడం అలవాటు కాలేదు. ఆ పిల్ల గురించి లెక్చరర్ ఏం రాస్తారు? సొంత లేఖ సంగతి అంతకంటే కష్టం. పదేళ్లు గైడ్‌లో ఉన్న వ్యాసం బట్టీ పట్టిన చేతికి "నేను ఎందుకు ఇది చదవాలనుకుంటున్నాను" అనే ఒక పేజీ రాయడం కష్టమే.

మన దేశంలోనే దీనికి రుజువు ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కోల్‌కతా, ఢిల్లీ కేంద్రాల్లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్‌లో మాస్టర్స్ నడుపుతోంది. ఎంపికైతే చదువుకు పెట్టాల్సిన ఖర్చు నామమాత్రం, పైగా స్టైపెండ్ ఇస్తారు. దాని ప్రవేశ పరీక్షలో ఒక పేపరు బిట్లు, రెండో పేపరు పూర్తి జవాబులు రాసేది. మన పిల్లలకు అడ్డొచ్చేది ఆ రెండో పేపరే.

ఇప్పుడు ఇంట్లో, స్కూల్లో చేయగలిగినవి

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో: వారానికి ఒక్క లెక్కైనా జవాబు ముందే చెప్పేసి, "ఎందుకు అంతే వస్తుంది?" అని రాయించండి. జ్యామెట్రీ నిరూపణలు పరీక్షకు రావని వదిలేయనివ్వకండి. ఇంట్లో కరెంటు బిల్లు, బ్యాంకు వడ్డీ, పొలం కౌలు లెక్కలు పిల్లల చేత వేయించండి. ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డు నడిపే ఇంటి పిల్లలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల ఎక్కడుంది? రాయి ఖరీదు, రోజుల కూలీ, అడ్వాన్సు, గుడివాళ్లు ఆర్డరు రద్దు చేసుకునే ప్రమాదం అన్నీ అక్కడే ఉన్నాయి.

పదో తరగతి తర్వాత: ఎంపీసీ అయినా, ఎంఈసీ అయినా మ్యాథ్స్ వదలకూడదు. ఇది ఒక్కటి గుర్తుంచుకోండి. ఎకనామిక్స్ ఇంటర్‌లో చదవకపోయినా డిగ్రీలో నేర్చుకోవచ్చు. మ్యాథ్స్ వదిలేస్తే తిరిగి పట్టుకోవడం చాలా కష్టం. ఢిల్లీ యూనివర్సిటీలో బి.ఏ. ఆనర్స్ ఎకనామిక్స్‌కు సీయూఈటీలో మ్యాథ్స్ రాయాల్సిందే. ఎంపీసీ పిల్లలకు అది వరం. ఎంఈసీ తీసుకున్నవాళ్లంతా సీఏకే వెళ్లాలని కూడా ఎక్కడా లేదు.

డిగ్రీకి: ఎకనామిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ కలిసి ఉన్న కోర్సు చూడండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఎకనామిక్స్ ఉంది. బీటెక్‌లో చేరిపోయిన పిల్లలకు కూడా తలుపు మూసుకుపోలేదు. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా బాగా చదివి, రెండు మూడు ఎకనామిక్స్ కోర్సులు చేర్చుకుంటే మాస్టర్స్‌కు పోటీ పడవచ్చు.

స్కూలుగా మేము చేయాల్సింది కూడా ఉంది. తొమ్మిదో తరగతి నుంచి నెలకు ఒక పరీక్ష బిట్లు లేకుండా, పూర్తి జవాబులతో పెట్టాలి. ప్రతి టీచరుకు పదిహేను మంది పిల్లలను అప్పగించి, వాళ్ల ప్రశ్నలు, ఆసక్తులు రాసి ఉంచాలి. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం మన ఊళ్లోనే ఉంది. ఏడాదికి ఒకసారి అక్కడికి తీసుకెళ్లి, ఒక వరి రకం మరో రకం కంటే మెరుగని ఎలా తేలుస్తారో పిల్లలకు చూపించాలి. లాటరీతో స్కూళ్లను పోల్చిన పద్ధతికి మూలం పొలాల్లో వేసే ఆ ట్రయల్సే. ఈ మూడింటికీ అదనపు ఫీజు అక్కర్లేదు. తల్లిదండ్రులు పీటీఎంలో గట్టిగా అడిగితే చాలు.

కష్టం కూడా చెప్పాలి

ఈ దారి పూలబాట అని నేను చెప్పడం లేదు. స్కాలర్‌షిప్ అందరికీ రాదు. ప్రపంచం నలుమూలల నుంచి పోటీ ఉంటుంది. స్కాలర్‌షిప్ లేకుండా సీటు మాత్రమే వస్తే ఫీజు, ఖర్చు మనమే పెట్టుకోవాలి. అప్పుడు వెళ్లాలా వద్దా అన్నది శనగల లెక్కలా నిదానంగా వేసుకోవాలి. తొలి సెమిస్టరు లెక్కలు చాలామందిని గాభరా పెడతాయి. మన దగ్గర ఫస్ట్ వచ్చిన పిల్లకు అక్కడ మధ్యలో మార్కులు రావచ్చు. ఏడాది తిరగగానే సామాన్లు సర్దుకుని ఇంకో దేశం వెళ్లాలి. మళ్లీ ఇల్లు వెతకాలి, మళ్లీ అక్కడి రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలి. క్లాసు ఇంగ్లీషులో ఉన్నా కూరగాయల అంగట్లో ఫ్రెంచో, జర్మనో కావాలి. పిల్లలు వారం పాటు సరిగ్గా మాట్లాడకపోతే, అది పరీక్షల వారం కావచ్చని అర్థం చేసుకునే ఓపిక మనకు కావాలి.

ఉద్యోగం సంగతి కూడా దాచకుండా చెబుతాను. క్యాంపస్‌లో ఒకే రోజు నూరు మందికి ఆఫర్ లెటర్లు ఇచ్చే రంగం ఇది కాదు. పీహెచ్‌డీ, బ్యాంకులు, కన్సల్టింగ్, డేటా విశ్లేషణ, పరిశోధన సంస్థలు ఒకవైపు ఉంటాయి. మరోవైపు యూపీఎస్‌సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్, రిజర్వ్ బ్యాంకులో ఎకనామిక్స్ ఆఫీసర్ పోస్టులు ఉన్నాయి. ఈ రెంటికీ ఎకనామిక్స్ మాస్టర్స్ అవసరం. బీటెక్ చేసినవాళ్ల గుంపుతో పోలిస్తే ఇక్కడ క్యూ చిన్నది. కానీ ప్రతి మెట్టు దగ్గరా సొంతంగా వెతుక్కోవాలి.

అందరు పిల్లలూ ఎకనామిక్స్ చదవాలని నేను అనను. కోడింగ్ అంటే ప్రాణం పెట్టే పిల్లను ఇటు లాగడం కూడా తప్పే. నా బాధ వేరే. లెక్కలు ఇష్టపడే పిల్లాడు, "ఉల్లిగడ్డ ధర ఎందుకు పెరిగింది?", "మనకు రెండు వేలు నోటు ఎందుకు తీసేశారు?" అని అడిగే పిల్లాడు మన క్లాసుల్లో ప్రతి ఏడాదీ ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ప్రశ్నలకు ఒక చదువు ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక ఏ బ్రాంచి దొరికితే ఆ బ్రాంచిలో చేరిపోతారు.

ఈసారి గ్రూపు ఎంచుకునే ముందు మీ పాపను, బాబును కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగండి: "లెక్కల్లో నీకు ఏది ఇష్టం, జవాబు రావడమా, ఎందుకు వచ్చిందో తెలియడమా?" ఎందుకో తెలియడమే ఇష్టం అంటే, కాలేజీ అడ్మిషన్ ఫారం నింపే ముందు ఒకసారి మా స్టాఫ్ రూముకు రండి. మాట్లాడుకుందాం.